బరువు తగ్గింది, చర్మం మిగిలింది

శ్రమించి కొవ్వు కరిగించుకున్నవారికి చివరి మజిలీలో ఎదురయ్యే చిక్కు ఇది. ఇందులో మన చేతిలో ఉన్నదెంత? వైద్యుని చేతిలో ఉన్నదెంత? అంగడిలో అమ్మే భ్రమ ఎంత?

స్థూలకాయాన్ని జయించినవారి కథలు పత్రికలలో వచ్చినప్పుడు పక్కపక్కనే రెండు ఛాయాచిత్రాలు వేస్తారు. ఒకటి పూర్వపు భారీ దేహానిది. రెండవది కొత్త దుస్తులలో సన్నగా నిలబడ్డ మనిషిది. వీటితోపాటు ఉండవలసిన మూడవ చిత్రాన్ని మాత్రం ఎవరూ అచ్చువేయరు. పొట్ట మీది నుంచి తొడల మీదికి మడతగా జారిన చర్మం, చేయి పైకెత్తితే సంచిలా ఊగే భుజం కింది కండ, వయసుకు మించి వేలాడే చెంపలు ఆ చిత్రంలో కనిపిస్తాయి. నలభై యాభై కిలోలు తగ్గించుకున్నవారిలో చాలామందికి ఈ చిత్రం సుపరిచితమే. ఆ మాట బయటికి చెప్పుకోరు, అంతే.

మిగిలిపోయిన ఈ చర్మాన్ని చూసుకుని, తమ ప్రయత్నంలో ఏదో లోపం జరిగిందని వారు కుంగిపోతారు. వ్యాయామం చాలలేదేమో, ఏదో నూనె రాసుకుని ఉండవలసిందేమో అని మథనపడతారు. ఇంకా బరువు తగ్గవలసినవారు ఈ భయంతోనే వెనుకంజ వేస్తారు. ఈ రెండు ఆలోచనలూ పొరపాటే. ఎందుకు పొరపాటో తెలుసుకోవాలంటే చర్మం స్వభావం కొంత తెలియాలి.

సాగే గుణం ఎక్కడిది?

చర్మం మన శరీరంలోని అతి విశాలమైన అవయవం. పెద్దవారిలో దాని వైశాల్యం ఒకటిన్నర నుంచి రెండు చదరపు మీటర్లు. పైకి కనిపించే పలుచని పొర కింద దళసరి పొర ఒకటి ఉంది. చర్మానికి బలం, బిగువు ఇచ్చేది ఆ లోపలి పొరే. అందులో ముఖ్యంగా రెండు రకాల ప్రోటీన్ పోగులు ఉంటాయి. మొదటిది కొల్లాజెన్. నులక మంచానికి నులక అల్లికలాగా ఇది చర్మానికి గట్టిదనం ఇస్తుంది. రెండవది ఎలాస్టిన్. పిల్లల నిక్కరు నడుముకు కుట్టిన ఎలాస్టిక్ పట్టీలాగా, లాగితే సాగి, వదిలితే యథాస్థానానికి వచ్చేది ఇదే.

ఈ రెండింటికీ ఒక పెద్ద వ్యత్యాసం ఉంది. కొల్లాజెన్‌ను శరీరం జీవితాంతం తయారు చేసుకుంటూనే ఉంటుంది, వయసుతోపాటు ఆ ఉత్పత్తి మందగించినా సరే. ఎలాస్టిన్ మాత్రం ప్రధానంగా తల్లి గర్భంలోనూ, శైశవంలోనూ తయారవుతుంది. ఆ నాటి నిల్వతోనే మనిషి జీవితమంతా నెట్టుకు రావాలి. తెగిపోయిన ఎలాస్టిన్ పోగుల స్థానంలో సరిగా పనిచేసే కొత్త పోగులను అల్లే శక్తి పెద్దవారి శరీరానికి దాదాపు లేదనే చెప్పాలి.

ప్రాణమున్న చర్మం నిరంతరం బిగువులోనే ఉంటుంది. వియన్నాకు చెందిన శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు కార్ల్ లాంగర్ 1861లో మృతదేహాల మీద దీన్ని రుజువు చేశాడు. గుండ్రని మొన ఉన్న ఆరెతో చర్మాన్ని పొడిస్తే గుండ్రని రంధ్రాలు పడలేదు. సన్నని, పొడవాటి చీలికలు ఏర్పడ్డాయి. చర్మం అన్ని దిశలకూ సమానంగా లాగబడి ఉండదని తేలింది. ఆ చీలికల వరుసలను బట్టి ఆయన గీసిన పటాలు శస్త్రచికిత్సలో కత్తిగాటు ఏ దిశలో పెట్టాలో నిర్ణయించడానికి నేటికీ ఉపకరిస్తున్నాయి.

మనిషి లావెక్కినప్పుడు ఈ బిగువు గల వస్త్రం ఏమవుతుంది? కేవలం సాగి ఊరుకోదు. నెలల తరబడి లాగుతూ ఉంటే, ఆ అవసరం తీర్చడానికి చర్మం కొత్తగా పెరుగుతుంది. అమెరికన్ సర్జన్ చార్లెస్ న్యూమన్ 1957లో ఈ గుణాన్నే ఉపయోగించుకున్నాడు. ప్రమాదంలో చెవి కొంత పోగొట్టుకున్న రోగికి చర్మం కింద చిన్న రబ్బరు బుడగను అమర్చి, దాన్ని క్రమక్రమంగా ఉబ్బించాడు. పైచర్మం పెరిగింది; ఆ అదనపు చర్మంతో చెవిని సరిదిద్దాడు. కాలిన గాయాల వికృతిని సవరించడానికి ప్లాస్టిక్ సర్జన్లు ఈ పద్ధతిని నేడు విరివిగా వాడుతున్నారు.

స్థూలకాయంలోనూ జరిగేది ఇదే. లోపలి కొవ్వు ఆ బుడగలాగా పనిచేస్తుంది. కొవ్వు కరిగిపోయాక మిగిలేది నిజంగా పెరిగిన చర్మం. దానిలోని సాగే పోగులు ఏళ్ల తరబడి లాగబడి తెగిపోయినవి. కనుక అది పూర్తిగా ముడుచుకోకపోవడం ప్రకృతి ధర్మం. దానిలో మనిషి సోమరితనమేమీ లేదు.

అందరికీ ఒకేలా ఎందుకు కాదు?

తొమ్మిది నెలలు సాగిన గర్భవతి పొట్ట ప్రసవం తరువాత చాలావరకు సర్దుకుంటుంది. ఇరవై ఏళ్లు మోసిన పొట్ట అలా సర్దుకోదు. దీనినిబట్టే మొదటి సూత్రం బోధపడుతుంది: ఎంత లావున్నారన్నదే కాదు, ఎంతకాలం లావుగా ఉన్నారన్నదీ ముఖ్యమే. రెండవది, తగ్గిన బరువు. ఐదు, పది కిలోలు తగ్గినవారి చర్మం సాధారణంగా ఇబ్బంది పెట్టదు. యాభై కిలోలు తగ్గినవారికి ఎంతో కొంత వేలాడక మానదు. మూడవది వయసు. ఇరవై ఏళ్లవారి చర్మం ముడుచుకున్నంతగా యాభై ఏళ్లవారిది ముడుచుకోదు. వంశపారంపర్యంగా వచ్చే తేడాలు సరేసరి.

వీటిని మార్చడం మన వశంలో లేదు. మన వశంలో ఉన్నవి రెండున్నాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మంలో కొల్లాజెన్‌ను తెగగొట్టే ఎంజైములను పురికొల్పుతాయి. పొగాకు చర్మానికి రక్తం అందించే సన్నని నాళాలను కుంచింపజేస్తుంది. పొలంలో జీవితమంతా ఎండకు కాగిన రైతు మెడ మీది చర్మాన్నీ, చొక్కా మాటున ఉన్న అతని వీపు చర్మాన్నీ పోల్చి చూస్తే ఎండ చేసే పని ఏపాటిదో ఎవరూ వివరించనక్కరలేదు.

ఇంట్లోనే చేయదగినవి

బరువు తగ్గేటప్పుడే కొన్ని జాగ్రత్తలు పాటిస్తే చివరకు మిగిలే ఇబ్బంది కొంత తగ్గుతుంది. వారానికి అర కిలో నుంచి కిలో వరకు తగ్గడం మేలని వైద్యులు సాధారణంగా సలహా ఇస్తారు. లంఖణాలతో హఠాత్తుగా తగ్గితే కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. మామూలుగా తగ్గిన బరువులోనే సుమారు నాలుగవ వంతు కండ, తదితర కొవ్వేతర ధాతువులదని అంచనా. కండ పోతే చర్మం కింద ఆసరా మరింత తగ్గి, వదులు మరింత కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

కండ నిలవాలంటే రెండు కావాలి. ఒకటి బరువులతో చేసే వ్యాయామం. వ్యాయామశాలకు వెళ్లలేనివారికి మన తాతలనాటి దండీలు, బస్కీలు ఉండనే ఉన్నాయి. భుజాలు, తొడలు, పిరుదుల కండ పెరిగితే ఆ మేరకు చర్మం నిండుతుంది. అయితే పొట్ట మీద ఏప్రాన్‌లా వేలాడే చర్మాన్ని ఏ వ్యాయామమూ పైకి లాగలేదు. చర్మానికి వ్యాయామం లేదు, వ్యాయామమంతా కండకే.

రెండవది మాంసకృత్తులు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం, ఆరోగ్యవంతులైన పెద్దలకు కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అరవై కిలోల మనిషికి సుమారు 50 గ్రాములన్నమాట. బరువు తగ్గే దశలో వైద్యులు ఇంతకంటె కొంచెం ఎక్కువే చెప్పవచ్చు. మన భోజనంలో అన్నం కొండంత, పప్పు గరిటెడు. బరువు తగ్గాలనుకున్నవారు ఆ అన్నంతోపాటు పప్పునూ తగ్గించుకుని రెండు విధాలా నష్టపోతారు. పప్పు, శనగలు, పెరుగు, గుడ్డు, చేప ప్రతి పూటా పళ్లెంలో ఉండాలి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాత్రం వైద్యుని అడగకుండా మాంసకృత్తులు పెంచరాదు. శరీరం కొల్లాజెన్ తయారు చేసుకోవడానికి సి విటమిను అత్యవసరం. ఉసిరి, జామ మన పెరట్లో దొరికేవే.

ఇన్ని చేశాక ఇక కావలసింది ఓర్పు. బరువు నిలకడపడిన తరువాత కూడా చర్మం ఏడాది, ఏడాదిన్నర పాటు నెమ్మదిగా ముడుచుకుంటూ ఉంటుంది. ఆ గడువు తీరకముందే నిరాశ పడటం గాని, కత్తికి సిద్ధపడటం గాని తొందరపాటే.

సీసాలో బిగువు దొరుకుతుందా?

సరిగ్గా ఈ నిరీక్షణ కాలంలోనే అంగడి పిలుస్తుంది. చర్మాన్ని బిగించే లేపనాలు, కొల్లాజెన్ పొడులు, నడుముకు చుట్టే పట్టీలు కోకొల్లలు. వీటిని కొనేముందు కొన్ని సాధారణ సత్యాలు గుర్తుంచుకోవాలి.

కొల్లాజెన్ అణువు చాలా పెద్దది. చర్మం పైపొర దాన్ని లోనికి పోనివ్వదు. కొల్లాజెన్ లేపనం రాస్తే చర్మం కొన్ని గంటలపాటు తేమతో నున్నగా కనబడవచ్చు. ఆ పని కొబ్బరినూనె కూడా చేస్తుంది. కొల్లాజెన్ తాగితే పొట్టలో అది ఇతర మాంసకృత్తులలాగానే ముక్కలై జీర్ణమవుతుంది. ఆ ముక్కల వల్ల చర్మపు తేమలో స్వల్పమైన మార్పు వస్తుందని కొన్ని పరిశోధనలు సూచించినా, మడతపడి వేలాడే చర్మం వాటివల్ల పైకి లేచిన దాఖలా లేదు. వైద్యులు రాసే ట్రెటినాయిన్ వంటి మందులు ఎండకు పాడైన చర్మం మీది సన్నని ముడతలను తగ్గిస్తాయన్నది నిజమే. వాటి శక్తి అంతవరకే. గర్భవతులు వాటి జోలికి పోరాదు. చెమట పట్టించే పట్టీలు తగ్గించేది నీటినే. రెండు గ్లాసుల నీరు తాగగానే ఆ బరువు తిరిగి వస్తుంది.

రేడియో తరంగాలతోనో, అల్ట్రాసౌండ్‌తోనో చర్మం లోపలి పొరను వేడి చేసే యంత్రాలు వైద్యుల వద్ద ఉన్నాయి. ఆ వేడికి కొల్లాజెన్ కొంత కుంచించుకుపోయి, కొంత కొత్తగా పుడుతుంది. కొద్దిపాటి వదులుకు ఇవి కొంత మేలు చేస్తాయి. చేతితో పట్టుకుంటే గుప్పెడు వచ్చే చర్మానికి వీటి వల్ల ఒరిగేది స్వల్పం.

కత్తి చేయగల పని

అదనంగా పెరిగిన చర్మాన్ని నిజంగా తొలగించగలిగేది శస్త్రచికిత్స ఒక్కటే. దాని చరిత్ర శతాబ్దానికి పైబడినది. అమెరికాలోని బాల్టిమోరులో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి వైద్యుడు హోవర్డ్ కెల్లీ 1899లో ఒక స్త్రీ పొట్ట నుంచి వేలాడుతున్న కొవ్వునూ చర్మాన్నీ కోసి తీశాడు. తీసిన భాగం బరువు 7,450 గ్రాములు. బ్రెజిల్ సర్జన్ ఈవో పిటాంగీ ఇటువంటి 300 శస్త్రచికిత్సల అనుభవాన్ని 1967లో ప్రకటించి, మచ్చ లోదుస్తుల మాటున దాగేటంత కిందుగా గాటు పెట్టే పద్ధతికి ప్రాచుర్యం తెచ్చాడు. రియో డి జనీరోలోని ధర్మాసుపత్రిలో ఆయన నడిపిన విభాగంలో పేదలు కూడా ఈ చికిత్స పొందారు.

ఇది కేవలం అందం కోసమేనా అన్న ప్రశ్నకు ఇంగ్లండుకు చెందిన పాల్ మేసన్ ఉదంతం సమాధానమిస్తుంది. ఇప్స్‌విచ్ పట్టణంలో ఒకప్పుడు తపాలా ఉద్యోగం చేసిన మేసన్ ఒక దశలో సుమారు 440 కిలోల బరువుతో, ప్రపంచంలోకెల్లా భారీ మనిషిగా పత్రికలకెక్కాడు. 2010లో జీర్ణాశయ బైపాస్ శస్త్రచికిత్స జరిగింది. తరువాతి కొద్ది సంవత్సరాలలో అతడు దాదాపు మూడింట రెండు వంతుల బరువు తగ్గాడు. కాని మిగిలిన చర్మం అతని నడకకే అడ్డుపడింది. దాని బరువుకు అదే చీలి పుండ్లు పడేది. అతని గురించి ఒక అమెరికన్ పత్రికలో వచ్చిన వ్యాసం చూసిన న్యూయార్కు ప్లాస్టిక్ సర్జన్ ఒకరు సహాయానికి ముందుకు వచ్చారు. 2015లో న్యూయార్కులో ఆ చర్మాన్ని తొలగించారు. బరువు తగ్గడంతో సగం పనే పూర్తయిందనీ, మిగతా సగం చర్మం దగ్గర ఆగిపోయిందనీ అతని కథ లోకానికి చూపించింది.

అయినా ఇది చిన్న చికిత్స కాదు. పొట్ట, భుజాలు, తొడలు, వక్షం వేటికవే విడివిడి శస్త్రచికిత్సలు. నెలల వ్యవధితో విడతలుగా చేస్తారు. గాటు చిన్నది కాదు. పొట్ట శస్త్రచికిత్సలో ఒక తుంటి నుంచి మరొక తుంటి వరకు, కొన్ని సందర్భాలలో నడుము చుట్టూ ఉంటుంది. ఆ మచ్చ రంగు తగ్గుతుందే గాని చెరిగిపోదు. వదులు చర్మాన్ని ఇచ్చి మచ్చను పుచ్చుకునే బేరమిది. గాయం కింద నీరు చేరడం, కుట్లు విడిపోవడం, చీము పట్టడం, అరుదుగా కాళ్ల నరాలలో రక్తం గడ్డకట్టడం వంటి ప్రమాదాలు ఉన్నాయి.

కాబట్టే మంచి సర్జను వెంటనే సరేననడు. బరువు కనీసం ఆరు నెలలపాటు నిలకడగా ఉండాలంటాడు. పొగ తాగేవారిని చికిత్సకు ముందు, తరువాత కూడా వారాల తరబడి మానమంటాడు. లేకుంటే రక్తం అందక చర్మపు అంచులు చచ్చిపోతాయి. రక్తహీనత, మాంసకృత్తుల లోపం ఉంటే ముందు వాటిని సరిచేస్తాడు. ఇంకా పిల్లలు కావాలనుకునే స్త్రీలను ఆగమంటాడు. ఈ ప్రశ్నలేవీ అడగకుండా తేదీ నిర్ణయించే చోటు నుంచి తిరిగి రావడమే మేలు.

ఖర్చు మాటా ఆలోచించాలి. మన దేశంలో ఆరోగ్య బీమా పాలసీలు అందం కోసం చేసే శస్త్రచికిత్సకు సాధారణంగా డబ్బు ఇవ్వవు. ప్రమాదం, కాలిన గాయం, క్యాన్సరు వల్ల గాని, ఆరోగ్యానికి అవసరమని వైద్యుడు ధ్రువీకరించినప్పుడు గాని మినహాయింపు ఉంటుంది. అందువల్ల మడతలలో మాటిమాటికీ పుండ్లు పడటం, నడవలేకపోవడం వంటి బాధలుంటే వాటిని ఎప్పటికప్పుడు వైద్యునికి చూపి, చీటీలు భద్రపరచుకోవాలి.

మడతల సంరక్షణ

శస్త్రచికిత్స వద్దనుకున్నవారికి, చేయించుకునే స్తోమత లేనివారికి రోజువారీ శ్రద్ధే మందు. మన ఉష్ణదేశంలో చర్మపు మడతల నడుమ చెమట నిలిచి, ఒరుసుకుని ఎర్రబడుతుంది. అక్కడ తామర వంటి శిలీంధ్రవ్యాధులు పాతుకుపోతాయి. స్నానం తరువాత మడతలను ఎత్తి మెత్తని పొడి గుడ్డతో ఒత్తి తుడవాలి, రుద్దరాదు. నూలు బట్టలు కట్టాలి. అవసరమైతే మడత నడుమ పలుచని నూలు గుడ్డ ఉంచుకోవచ్చు. ఒంటికి పట్టి ఉండే లోదుస్తులు నడకలో ఊగును తగ్గిస్తాయి. దురద, దుర్వాసన, పుండు కనిపిస్తే అంగట్లో దొరికే ఏదో ఒక లేపనం రాయక వైద్యుని వద్దకు వెళ్లాలి. స్టిరాయిడ్ కలిసిన లేపనాలు తామరను ముదరబెడతాయి. మధుమేహం ఉన్నవారు మరింత జాగరూకులై ఉండాలి.

త్రాసులో ఏది బరువు?

ఈ సమస్య ఇకముందు మరింతమంది తలుపు తట్టబోతున్నది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో స్త్రీలలో 24 శాతం, పురుషులలో సుమారు 23 శాతం అధిక బరువు గలవారు. మరోవైపు, ఆకలిని అణచే టిర్జెపటైడ్, సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్లు 2025లో బరువు తగ్గించే మందులుగా భారత విపణిలోకి వచ్చాయి. 2022లో ప్రచురితమైన ఒక పరిశోధనలో టిర్జెపటైడ్ గరిష్ఠ మోతాదు తీసుకున్నవారు 72 వారాలలో సగటున తమ బరువులో ఐదవ వంతు కోల్పోయారు. బుగ్గల కొవ్వు తగ్గి ముఖం వడలిపోయిందని ఆందోళన చెందేవారు ఇప్పటికే కనిపిస్తున్నారు. మందు మనిషిని సన్నబరచగలదు; తెగిన ఎలాస్టిన్‌ను అతకలేదు.

అలాగని వదులు చర్మానికి వెరచి బరువును మోస్తూ కూర్చోవడం వివేకమా? బ్రిటనులో టైపు 2 మధుమేహ రోగుల మీద జరిపి 2017లో ప్రకటించిన పరిశోధన ఒకటి దీనికి జవాబిస్తుంది. పదిహేను కిలోలు, అంతకు పైబడి తగ్గినవారిలో 86 శాతం మందికి ఏడాది చివర మందులు లేకుండానే మధుమేహం ఉపశమించింది. స్థూలకాయులకు చేసే శస్త్రచికిత్సల ఫలితాలను స్వీడనులో 1987 నుంచి గమనిస్తూ వచ్చిన పరిశోధకులు, చికిత్స పొందినవారిలో మరణాలు గణనీయంగా తగ్గాయని 2007లో వెల్లడించారు. గుండె మీది భారం, మోకాళ్ల మీది భారం, రక్తంలోని చక్కెర తగ్గాయి. దానికి ప్రతిగా కొంత చర్మం మిగిలింది. లెక్క ఎటు మొగ్గుతుందో వేరే చెప్పనవసరం లేదు.

పైగా ప్రతివారూ యాభై కిలోలు తగ్గనక్కరలేదు. ఉన్న బరువులో ఐదు నుంచి పది శాతం తగ్గినా రక్తపోటు, చక్కెర మెరుగుపడతాయి. ఆ మేరకు చర్మం సామాన్యంగా తానే సర్దుకుంటుంది. ముప్ఫై ఏళ్ల వయసులో పది కిలోలు తగ్గించుకున్నవారికి యాభై ఏళ్ల వయసులో నలభై కిలోలు తగ్గించుకుని, మిగిలిన చర్మంతో బాధపడే అవస్థ ఉండదు. చర్మాన్ని బిగువుగా ఉంచే ఉపాయాలన్నింటిలో మిన్న అయినది అది సాగకముందే మేల్కొనడం.

అప్పటికే ఆ దూరం నడిచి వచ్చినవారికి చెప్పవలసింది వేరు. వారి ఒంటిమీది ఆ మడతలు ఓటమికి గుర్తులు కావు. దించిన మూట ఎంత బరువైనదో చెప్పే సాక్ష్యాలు. వాటిని ఉంచుకోవాలా, తీయించుకోవాలా అన్నది నిదానంగా, వైద్యుని సలహాతో వారు తేల్చుకోవలసిన విషయం. ఇరుగుపొరుగు చూపులకు గాని, సీసా మీది ప్రకటనకు గాని అందులో జోక్యం లేదు.